వెన్ను నిలిచింది, మనిషి నిలవట్లేదు

బెంగళూరులో మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉన్న రోడ్డు పేరు హోసూరు రోడ్డు. అదే దారి పట్టుకుని బొమ్మసంద్ర, అత్తిబెలె దాటి కర్ణాటక సరిహద్దు ఇవతలికి, తమిళనాడులోకి వస్తే హోసూరు. అక్కడినుంచి దేన్కనికోట వైపు మళ్లితే మత్తిగిరి. మెదడుకైనా వెన్నుకైనా నరాలకైనా పెద్ద జబ్బొస్తే ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ల చూపు ఆ రోడ్డు మీదికే పోతుంది. 1974లో ఏర్పడిన ఆ సంస్థ ఒక్కటే కాదు, ఇప్పుడు దారి పొడవునా ప్రైవేటు ఆసుపత్రులూ వెలిశాయి. మొండి కేసయితే కృష్ణగిరి, వాణియంబాడి మీదుగా వేలూరు సీఎంసీకో, ఇంకా దూరం పోయి కోయంబత్తూరు గంగా ఆసుపత్రికో వెళ్తారు. ఆపరేషన్‌కు కొదవ లేదు. డిస్క్ ముక్క తీసినా, స్క్రూలూ రాడ్లూ బిగించినా, మెడలో ప్లేటు వేసినా, అంతా సవ్యంగా జరిగితే వారం తిరక్కుండానే మనిషిని ఇంటికి పంపేస్తున్నారు. అసలు అవస్థ ఇంటికొచ్చాక మొదలవుతుంది.

కాలికి లాగే నొప్పి తగ్గి ఉంటుంది. కుట్లు ఆరుతుంటాయి. ఎక్స్‌రేలో స్క్రూలు పెట్టినచోటే ఉంటాయి. మనిషి మాత్రం పొద్దున లేచి బాత్రూం దాకా పోయేసరికి కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకుంటాడు. కాసేపు కూర్చుంటే ఎక్కడలేని నిస్సత్తువ ముంచుకొస్తుంది. అన్నం తిని చెయ్యి కడుక్కోవడమే పెద్ద పనవుతుంది. ఇలా రెండు వారాలు గడిచాక, ఆపరేషన్ ఫెయిలయిందేమోనన్న మాట ఇంట్లో ఎవరో ఒకరి నోట వస్తుంది. ఫోన్ చేస్తే డాక్టరు "వెన్ను బాగానే ఉంది కదా" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

మరి తేడా ఎక్కడొచ్చింది? వెన్ను వైద్యం తన ఫలితాన్ని దేనితో తూచుకుంటుందో చూస్తే కొంత అర్థమవుతుంది. నడుం ఆపరేషన్ల ఫలితం చూడటానికి ప్రపంచమంతటా ఎక్కువగా వాడే ప్రశ్నావళి 1980లో వెలువడిన ఆస్వెస్ట్రీ సూచిక. అందులో పది అంశాలున్నాయి: నొప్పి, సొంత పనులు, బరువులెత్తడం, నడక, కూర్చోవడం, నిలబడటం, నిద్ర, దాంపత్యం, నలుగురిలో తిరగడం, ప్రయాణం. నీరసం గురించి ఒక్క ప్రశ్న లేదు, తల తిరగడం గురించీ లేదు. తర్వాత అమెరికాలో తయారైన ప్రామిస్ ప్రశ్నావళిలో అలసటకు చోటు దొరికింది గానీ, కిక్కిరిసిన మన ఓపీల్లో ఆ కాగితాలు నింపించే తీరికెవరికి? నొప్పి ఎలా ఉంది, కాలు లేస్తోందా, కుట్లు ఆరాయా, మళ్లీ ఆరు వారాలకు రండి. అడగని సంగతి ఫైల్లోకి ఎక్కదు. ఫైల్లో లేనిది జబ్బు కాకుండా పోతుంది. రోగి కూడా దాన్ని తన పిరికితనం కింద జమకట్టుకుంటాడు.

హోసూరు ప్రాంతంలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ఇంట్లో తెలుగు, బెంగళూరు డాక్టరుతో కన్నడం, ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో తమిళం. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. రోగి తనకు కలుగుతున్నదేమిటో మూడు భాషల్లో మూడు రకాలుగా చెప్పి, చివరికి ఏదో ఒక తల తిరుగుడు మాత్ర రాయించుకుని వస్తాడు. నా ఉద్దేశంలో ఇక్కడ భాషను తప్పుపట్టి లాభం లేదు. ఇంగ్లీషే మాతృభాష అయిన చోట కూడా ఇంతే. 2007లో అమెరికాలో అత్యవసర విభాగానికి వచ్చిన రోగులను తల తిరుగుడు ఎలా ఉందని ఒకసారి అడిగి, నిమిషాల వ్యవధిలో మళ్లీ అడిగితే సుమారు సగం మంది జవాబు మార్చేశారు. అదే, ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే వస్తోంది అని అడిగితే జవాబులు చాలావరకు నిలకడగా ఉన్నాయి. అప్పటినుంచి ఈ రంగంలో చూపు మళ్లింది. ఎలా తిరుగుతోందన్న దానికంటే ఎప్పుడు తిరుగుతోందన్నదే ముఖ్యమైంది. వెన్ను ఆపరేషన్ అయినవాళ్ల విషయంలో ఈ ప్రశ్న ఇంకా బాగా పనికొస్తుందని నాకనిపిస్తుంది. ఎందుకంటే వాళ్ల తల తిరుగుడుకు కారణం చాలాసార్లు వెన్నులో ఉండదు. రక్తంలోనో, మాత్రల డబ్బాలోనో, వంటింట్లోనో, మంచంలోనో ఉంటుంది.

లేవగానే వచ్చే తల తిరుగుడు అన్నిటికంటే సాధారణం. పడుకున్న మనిషి నిలబడితే అర లీటరుకు పైగా రక్తం పొట్టలోకీ కాళ్లలోకీ దిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు నరాలు రక్తనాళాలను వెంటనే బిగించి, గుండె వేగం పెంచి, మెదడుకు అందేది తగ్గకుండా చూస్తాయి. ఆపరేషన్లో రక్తం పోయినా, ఒంట్లో నీళ్లు తగ్గినా, మందులు అడ్డొచ్చినా ఈ సర్దుబాటు ఆలస్యమవుతుంది. నిలబడిన మూడు నిమిషాల్లోపల పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతే వైద్యులు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఇది ఇంట్లో చూసుకోగలిగిన పరీక్ష. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన నిమిషం తర్వాత ఒకసారి, మూడో నిమిషంలో మరోసారి బీపీ చూసి, మూడు అంకెలూ కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించడమే. కుర్చీలో కూర్చోబెట్టి తీసిన బీపీ ఎంత బాగున్నా ఈ సంగతి చెప్పదు.

కారణాల్లో కొన్ని మరీ ఇంటి సంగతులు. లేవడానికి నొప్పి, బాత్రూంకు ఎవరో ఒకరు తోడు రావాలి. అందుకని నీళ్లు తాగడమే మానేస్తారు, ముఖ్యంగా ఆడవాళ్లు. కోడల్ని పదిసార్లు లేపడం ఎందుకని అత్తగారు మధ్యాహ్నం నుంచే గ్లాసు ముట్టదు. ఊళ్లలో మరుగుదొడ్డి పెరట్లో ఉన్నచోట ఈ పొదుపు ఇంకా ఎక్కువ. ఇంకొకటి, పాత బీపీ మాత్ర. ఆపరేషన్‌కు ముందు ఉప్పూ కారమూ మామూలుగా తింటూ నొప్పితో బీపీ పెరిగి ఉన్న మనిషికి కుదిరిన డోసు, ఇప్పుడు నొప్పి తగ్గి, సగం తిండి తిని, రక్తం తగ్గిన మనిషికి ఎక్కువవుతుంది. మూత్రం పోసే మాత్ర కలిసిన బీపీ మందయితే వయసు మళ్లినవాళ్లలో సోడియం కూడా పడిపోతుంది, మగతగా, తికమకగా ఉంటారు. షుగర్ మాత్రల సంగతీ అంతే: తిండి సగమై డోసు అలాగే ఉంటే చెమటలు పట్టి, వణికి, కళ్లు తిరుగుతాయి. ట్యూబు తీశాక మూత్రం రాని మగవాళ్లకు టామ్సులోసిన్ ఇస్తారు, అదీ లేచినప్పుడు బీపీని దించే మందే. వీటిలో ఏదీ సొంతంగా మానేయవలసినది కాదు. కానీ ఆపరేషన్ చేసిన సర్జన్‌కు పాత మాత్రలు గుర్తుండవు, పాత డాక్టరుకు కొత్తవి తెలియవు. రెండు చీటీలూ ఒకరి ముందే పెట్టడం ఎవరో ఒకరు చేయాలి.

లేవడానికి ఒక పద్ధతుంది. ఫిజియోథెరపిస్టులు వెన్ను మెలి పడకుండా నేర్పేది బీపీకి కూడా పనికొస్తుంది: దుంగలా మొత్తం ఒక పక్కకు దొర్లి, కాళ్లు మంచం దించి, చేత్తో నొక్కి కూర్చోవాలి. అక్కడ ఆగాలి. పాదాలు పైకీ కిందికీ ఓ ఇరవైసార్లు ఆడించి, కళ్ల ముందు చీకటి పోయిందనుకున్నాకే నిలబడాలి. నిలబడ్డాక మళ్లీ ఆగి అప్పుడు అడుగెయ్యాలి. మగవాళ్లు కూర్చునే మూత్రం పోసుకోవాలి, రాత్రిపూట మరీను. వేడి వేడి నీళ్ల స్నానం మనకు పెద్ద సుఖం గానీ రక్తనాళాలు వదులై పడిపోయేది ఎక్కువగా అక్కడే. గోరువెచ్చని నీళ్లు, స్టూలు, గడియ వేయని తలుపు ఉంటే చాలు. ముక్కి ముక్కి విరేచనానికి కూర్చున్నా తల తిరుగుతుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మందులూ ఐరన్ మాత్రలూ రెండూ మలబద్ధకం తెచ్చేవే కాబట్టి ఇది ఇసబ్గోల్‌తో వదిలేసే చిన్న విషయం కాదు, డాక్టరుకు చెప్పుకోవాల్సినదే.

వెన్నుపాము కూడా దెబ్బతిన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లలో రక్తనాళాలను బిగించే నరాలకే ఆజ్ఞ అందదు, కూర్చోబెడితేనే సొమ్మసిల్లుతారు. వంచే బల్ల మీద రోజుకు కొంచెం కొంచెంగా నిటారు చేస్తూ, పొట్టకు పట్టీ, కాళ్లకు బిగుతు మేజోళ్లు వేసి అలవాటు చేస్తారు. మనకు దగ్గర్లో ఆ విద్యకు పెద్ద పేరు వేలూరు. 1954లో ప్రమాదంలో నడుం కిందినుంచి చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ చొరవతో అక్కడి పునరావాస కేంద్రం 1966లో మొదలైంది.

ఇక మంచం. "లేవకు, పడుకో" అనేది మన ఇళ్లలో ప్రేమకు మారుపేరు. ఆ ప్రేమ చేసే చెరుపు గురించి 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఒక ప్రయోగం జరిగింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. వాళ్ల శరీరం ఆక్సిజన్‌ను వాడుకోగలిగే శక్తి పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే అయిదుగురిని మళ్లీ పరీక్షిస్తే తేలిందేమిటంటే, ముప్పై ఏళ్ల వయసు తెచ్చిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం తెచ్చిన నష్టమే ఎక్కువ. జబ్బూ ఆపరేషనూ లేని కుర్రాళ్ల సంగతి అది. అరవై ఏళ్ల మనిషి ఇరవై రోజులు పడుకుని లేస్తే కళ్లు తిరక్కుండా ఉంటాయా?

ఈ పాఠం మన దక్షిణాదికి కొత్తది కూడా కాదు. క్షయకు మంచమే మందన్న రోజుల్లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియాల్లో రోగులు నెలల తరబడి ఉండేవాళ్లు. 1956లో మద్రాసులో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం, ఇరుకు ఇళ్లలో ఉంటూ మందులు మింగినవాళ్లనూ శానిటోరియంలో విశ్రాంతిగా ఉన్నవాళ్లనూ పోల్చి చూసి, ఇంటి వైద్యం ఏమాత్రం తీసిపోదని 1959లో ప్రకటించింది. వెన్నెముక క్షయలోనూ అదే తేలింది. కొరియాలోని మసాన్‌లో జరిగిన పరీక్షలో మందులు తీసుకుంటూ ఆరు నెలలు మంచంలో ఉన్నవాళ్లకు తిరుగుతూ ఉన్నవాళ్ల కంటే ఒరిగిందేమీ లేదు. 1990ల్లో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్ మొదలుపెట్టిన త్వరిత కోలుకోలు పద్ధతి ఈ ధోరణికి కొనసాగింపే. నడుం పూసలను అతికించే ఫ్యూజన్ ఆపరేషన్ల కోసం 2021లో వచ్చిన సిఫారసులు కూడా తొందరగా లేపి నడిపించమనే చెబుతున్నాయి. అయితే ఒక మాట. సర్జన్ ఫలానా కారణం వల్ల కొన్నాళ్లు లేవొద్దని విడిగా చెప్పి ఉంటే అది వేరు. వెన్నుపాము పై పొర చిరిగి కుట్టిన కేసుల్లో అలా చెబుతారు.

ఆ పొర సంగతి ఇక్కడే చెప్పాలి. వెన్నుపాము చుట్టూ నీళ్లలాంటి ద్రవం, దాని చుట్టూ ఒక సంచి. ఆపరేషన్లో ఆ సంచికి చిన్న చిరుగు పడటం అరుదేమీ కాదు, పడితే కుట్టేస్తారు. అది కారితే మెదడు తేలుతున్న ద్రవం తగ్గుతుంది. కూర్చున్నా నిలబడినా తల పగిలేంత నొప్పి, మెడ పట్టేయడం, వాంతి, కళ్లు తిరగడం, చెవులు దిబ్బడ. పడుకుంటే నిమిషాల్లో హాయి. ఈ సంగతిని మొదట ఒంటి మీద రాసుకున్నవాడు జర్మన్ సర్జన్ ఆగస్ట్ బియర్. 1898లో వెన్నులో మత్తు సూది ప్రయోగాన్ని తన మీదే చేయించుకుని, ఆ రంధ్రం గుండా ద్రవం పోయి, తలనొప్పితో, తల తిరుగుడుతో తొమ్మిది రోజులు మంచానికి అతుక్కుపోయాడు. పడుకుంటే తగ్గిపోయిందని కూడా ఆయనే రాశాడు. కాబట్టి లేస్తే తల తిరిగి, దానితోపాటు తలనొప్పి కూడా లేచి, పడుకుంటే రెండూ పోతుంటే అది బీపీ అనుకుని మజ్జిగ తాగుతూ కూర్చోకూడదు. కట్టు తడిసి తేటనీరు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

మాత్రలు మింగిన గంటా రెండు గంటలకు వచ్చే తల తిరుగుడుది ఇంకో దారి. ఇక్కడ ఒక అలవాటు గురించి కటువుగానే అనాలి. వెన్ను రోగి చేతిలో తప్పకుండా ఉండే "నరాల మాత్ర" ఒకటుంటుంది. రోగికి అది బలం మందు. చాలాసార్లు అందులో విటమిన్‌తో పాటు ప్రీగాబాలినో గాబాపెంటినో ఉంటుంది. కొన్నిట్లో నార్ట్రిప్టిలిన్ కూడా. నరాల నొప్పిని అణచడంలో వాటికి చోటుంది. మగత, తల తిరుగుడు మాత్రం వాటి అతి సామాన్యమైన దుష్ఫలితాలు. దానికి ట్రమడాల్ తోడై, కండరాలు వదులు చేసే టైజానిడిన్ తోడైతే (అది బీపీని కూడా దించుతుంది, సిప్రోఫ్లాక్సాసిన్‌తో కలిస్తే ప్రమాదకరంగా దించుతుంది) అలాంటి మనిషి తూలకపోతేనే ఆశ్చర్యం. తూలుతున్నానంటే ప్రోక్లోర్‌పెరజీనో సినరిజీనో రాస్తారు. అవి కొద్దిరోజులకు మించితే తామే మగతనూ, పెద్దవయసులో వణుకునూ బిగుసుకుపోవడాన్నీ తెస్తాయి. మందు తెచ్చిన జబ్బుకు ఇంకో మందు. తగ్గించడం కూడా జాగ్రత్తగా జరగాలి. గాబాపెంటిన్ జాతి మందులను, ట్రమడాల్‌ను ఒక్కసారిగా ఆపేస్తే నిద్ర పట్టక, చెమటలు పోసి, ఇంకో రకం తల తిరుగుడు మొదలవుతుంది. డాక్టరును అడగాల్సింది ఒక్కటే: వీటిలో ముందు దేన్ని, ఎన్ని రోజులకు, ఎలా తగ్గించాలి?

ఆపరేషన్‌కు ముందు ఏళ్ల తరబడి నడుం నొప్పికి ఎక్కడెక్కడో పొట్లాల మందు తిన్నవాళ్లు, స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లు ఆ సంగతి దాచకూడదు. బయటి నుంచి వచ్చే స్టెరాయిడ్‌కు అలవాటుపడ్డ అడ్రినల్ గ్రంథి తన పని మానుకుని ఉంటుంది. ఆపరేషన్ పేరుతో పొట్లం ఆగిపోయిందంటే నిస్సత్తువ, వాంతులు, బీపీ పడిపోవడం వరసగా వస్తాయి. చెబితే వైద్యం ఉంది, చెప్పకపోతే ప్రాణం మీదికి రావచ్చు.

రోజంతా వదలని నీరసానికి, నాలుగు మెట్లెక్కితే ఆయాసానికి మొదట చూడవలసింది రక్తం. మన ఆడవాళ్లు ఆపరేషన్ బల్ల ఎక్కేటప్పటికే రక్తం తక్కువతో ఎక్కుతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తమిళనాడులో 53.4 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. అసలే వెలితిగా ఉన్న కుండలోంచి ఆపరేషన్‌లో ఇంకో చెంబెడు పోయిందన్నమాట. ఎర్రకణాన్ని తయారుచేసే ఇనుమే నిల్వ లేనప్పుడు ఆరు వారాల్లో హిమోగ్లోబిన్ దానంతటదే పైకి రాదు, నెలలు పడుతుంది. డిశ్చార్జి నాటి హిమోగ్లోబిన్ ఎంతో కాగితంలో వెతుక్కుని, మూడు నాలుగు వారాలకు మళ్లీ చూపించుకోవడం తక్కువ ఖర్చు పరీక్ష. నొప్పి మాత్రలు ఎక్కువ రోజులు మింగినవాళ్లకు మలం తారులా నల్లగా పోతూ కళ్లు తిరుగుతుంటే కడుపులో రక్తం కారుతున్నట్టే లెక్క, అప్పుడు పరీక్ష కాదు, ఆసుపత్రి. ఐరన్ మాత్ర వల్ల కూడా మలం నల్లబడుతుంది, అది జిగటగా, కంపుగా ఉండదు.

దీని మీద మనం పెట్టే పత్యం ఒకటి. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ దురదని, గుడ్డు వేడని, పెరుగు చల్లదనమని ఒక్కొక్కటే విస్తట్లోంచి తీసేసి, చారన్నం మిగులుస్తాం. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు సరిగ్గా ఆ తీసేసిన వాటిలోనే ఉన్నాయి. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. చీము పట్టించేది సూక్ష్మజీవి, అదుపులో లేని షుగర్. ఈ నేల మీద పండే తిండిలోనే కావలసినది చాలావరకు ఉంది. కృష్ణగిరి, హోసూరు మెట్టల్లో రాగి పాత పంట. నూరు గ్రాముల రాగుల్లో కాల్షియం మూడొందల మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, ఏ ధాన్యంలోనూ అంత లేదు. కానీ మాంసకృత్తు ఏడు గ్రాములే కాబట్టి ఉత్త ముద్ద చాలదు; ఉలవలు, పప్పు, తినేవాళ్లకు గుడ్డో మాంసమో పక్కన ఉండాలి. ముద్ద పెద్దది ఒకేసారి తింటే రక్తమంతా పొట్టకు మళ్లి తిన్న గంటలోపు కళ్లు తిరగడం పెద్దవాళ్లలో మామూలే, రెండు పూటల తిండిని నాలుగుసార్లుగా తినడం మేలు. రాగి అంబలిలో మజ్జిగ, చిటికెడు ఉప్పు కలిపి పొద్దున లేవకముందే మంచం దగ్గర పెట్టుకుంటే నీళ్ల కరువూ తీరుతుంది (బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు ఉప్పు గురించి అడిగి వేసుకోవాలి). అన్నం వెంటనే కాఫీ, టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు, గంట ఆగాలి. మన ఊళ్లలో ఇది చెప్పినంత తేలిక కాదు.

నీరసానికి సెలైన్ ఎక్కించుకోవడం గురించి కూడా ఒక మాట. లీటరు గ్లూకోజ్ సీసాలో ఉండేది యాభై గ్రాముల చక్కెర. నీళ్లు తగ్గి ఉన్న మనిషికి దాంతో ఆ పూట తేరుకున్నట్టుంటుంది, రక్తం పెరగదు, కండ పెరగదు.

శాకాహారులకు మరో ముప్పు బి12. దాని లోపం మనవాళ్లలో మామూలే. మత్తుకు వాడే వాయువుల్లో నైట్రస్ ఆక్సైడ్‌కు బి12ను పనికిరాకుండా చేసే గుణం ఉంది. నిల్వలు అసలే అడుగంటి ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత వారాల్లో పాదాలు మొద్దుబారడం, చీకట్లో తూలడం, నీరసం మొదలుకావచ్చు. వెన్ను ఆపరేషన్ చేయించుకున్న మనిషికి ఇవి వస్తే అందరి వేళ్లూ వెన్ను వైపే చూపిస్తాయి, ఎంఆర్‌ఐ మళ్లీ తీస్తారు. ముందుగా ఒక రక్తపరీక్ష చేయిస్తే సరిపోయేది.

పక్కకు దొర్లినప్పుడు, తల పైకెత్తినప్పుడు మాత్రమే గది గిర్రున తిరిగి, అర నిమిషంలో ఆగిపోతే అది లోపలి చెవిలో సున్నపు రేణువులు చోటు తప్పడం వల్ల వచ్చేది. గంటల తరబడి ఒకే భంగిమలో ఉన్నాక, రోజుల తరబడి పడుకున్నాక ఇది ఎక్కువ. డాక్టర్ ఎప్లీ పేరుతో పిలిచే తల తిప్పే చికిత్సతో కుదురుతుంది. మెడకు ఆపరేషన్ అయి ఉంటే మాత్రం వీడియో చూసి ఇంట్లో మెడ తిప్పడం ప్రాణాంతకమైన సాహసం. సర్జన్ అనుమతితో, నేర్చినవాళ్లు మొత్తం ఒంటిని తిప్పి చేసే పద్ధతులున్నాయి. తల తిరక్కుండానే నడక తూలితే అది పాదాల, వెన్నుపాము సంగతి. కాలర్ పెట్టుకున్నవాళ్లకు కింద మెట్టే కనపడదు, వాళ్లకు చేతికర్ర మందుతో సమానం.

వీటన్నిటినీ తీసేసినా కొంత అలసట మిగులుతుంది. ఎముక అతుక్కోవడం ఒంటికి పెద్ద పనే. రాత్రి నిద్ర లేదు, పక్కకు తిరగాలంటే మెలకువ. స్క్రూ ఊడుతుందేమోనన్న భయంతో ఒళ్లంతా బిగబట్టుకుని నడవడం వల్ల కూడా అలసిపోతారు. మంచి రోజు వచ్చిందని పేరుకుపోయిన పనులన్నీ చేసేసి, మర్నాటి నుంచి రెండు రోజులు పడిపోవడం వీళ్లలో ఎక్కువగా చూస్తాం. ఒకేసారి అరగంట నడిచే బదులు అయిదు నిమిషాల చొప్పున ఆరుసార్లు నడవడం, వారం వారం కొంచెం పెంచడం, బాగున్న రోజూ బాగాలేని రోజూ అంతే చేయడం మంచి పద్ధతి. పలకరించడానికి వచ్చే చుట్టాలను వారానికి ఒక పూటకు కట్టడి చేయగల కుటుంబం ఏదైనా ఉంటే దానికి నమస్కారం. ఆరు వారాలు దాటినా మనిషి ఎవరితో మాట్లాడక, తిండి సయించక, ఎందుకు బతికానన్నట్టుంటే అది వెన్ను నీరసం కాదు, దిగులు జబ్బు. దానికీ వైద్యం ఉంది. వైద్యం చేసే చోటూ అదే హోసూరు రోడ్డు మీదుంది.

ఆగకూడని సందర్భాలు కొన్నే: ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి, ఒక కాలు పిక్క వాపు, చలితో జ్వరం, గాయం ఎర్రబడటం, మూత్రం ఆగిపోవడం, కూర్చునే చోట స్పర్శ పోవడం, కాలు కొత్తగా చచ్చుబడటం, మాట ముద్దగా రావడం, ముఖం వంకర పోవడం, ఒకటి రెండుగా కనిపించడం. ఇవి కనిపిస్తే 108 పిలవాలి.

మిగతావాటికి దిక్కెవరు? నెలకోసారి సరిహద్దు దాటి బెంగళూరు పోవడం కూలి మనిషికి ఒక రోజు కూలీ, కారు బాడుగ. ఇక్కడే ఈ జిల్లాకు ఒక సదుపాయం ఉంది, జనం దాన్ని షుగర్ మాత్రల పథకంగానే చూస్తున్నారు. 2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం "మక్కళై తేడి మరుత్తువం" పథకాన్ని, అంటే ప్రజల ఇంటికే వైద్యాన్ని, కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలుపెట్టింది. ఇంటికొచ్చి బీపీ, షుగర్ చూసి మందులివ్వడంతో పాటు మంచాన పడ్డవాళ్లకు ఇంట్లోనే ఫిజియోథెరపీ అందించడం కూడా ఆ పథకంలో భాగం. 2024లో దానికి ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. బీపీ మిషన్‌తో గుమ్మంలోకి వచ్చే ఆ మహిళా కార్యకర్త, రోగిని కూర్చోబెట్టి చూసే బదులు పడుకోబెట్టి ఒకసారి నిలబెట్టి ఒకసారి చూస్తే పైన రాసిన దానిలో సగం తేలిపోతుంది. దానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. మందుల చీటీలన్నీ ఒకచోట చూసే పని కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చేయగలడు.

పనిలోకి మళ్లడం దగ్గర ఈ కథ మరీ గరుకుగా ఉంటుంది. మత్తిగిరి చుట్టుపక్కల జీవనం ఫ్యాక్టరీల మీద, పూల మీద. బండ్ల అసెంబ్లీ లైన్లో ఎనిమిది గంటలు నిలబడాలి. గడియారాల పనిలో మెడ వంచి కూర్చోవాలి. గులాబీల పాలీహౌసుల్లో ఉక్కలో వంగి లేవాలి, చెమటకు ఒంట్లో నీళ్లు ఇంకిపోతాయి. తల తిరుగుడు ఉన్న మనిషికి ఈ మూడింటిలో మొదటిదీ చివరిదీ ప్రమాదం, మెడ ఆపరేషన్ అయినవాడికి మధ్యది. నెల జీతం 21,000 దాటని కార్మికుడికి ఈఎస్ఐ ఉంటే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. స్క్రూలు వేసిన వెన్ను గట్టిపడటానికే మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, అంటే కాలికి బలం వచ్చే వేళకు భృతి ఆగిపోతుంది. చాలామందికి తెలియనిది, ఈఎస్ఐ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో వెన్నుపూస తొలగడం, డిస్క్ జారడం కూడా ఉన్నాయి. రెండేళ్ల సర్వీసూ తగినన్ని రోజుల చందా ఉన్నవాళ్లకు 80 శాతం లెక్కన పొడిగించిన భృతి దొరికే వీలుంది. కాంట్రాక్టు కింద పనిచేస్తూ ఆరు నెలలకోసారి కాంట్రాక్టరు పేరు మారేవాళ్లకు ఆ రెండేళ్లు నిండటమే కష్టం.

సర్టిఫికెట్ల తీరు కూడా మారాలి. ఇప్పుడు డాక్టరు రాసేవి రెండే మాటలు, ఫిట్ లేదా అన్‌ఫిట్. ఈ రెంటి మధ్య ఉన్న నాలుగైదు నెలలకు కాగితం లేదు కాబట్టి కార్మికుడు కళ్లు తిరుగుతున్నా ఫిట్ అని రాయించుకుని లైన్లోకి పోతాడు. అడిగితే చాలామంది సర్జన్లు వివరంగా రాసిస్తారు. ఏకబిగిన ఎన్ని నిమిషాలు నిలబడవచ్చు, ఎన్ని కిలోలు ఎత్తవచ్చు, ఎత్తైన చోటా తిరిగే యంత్రం దగ్గరా పని వద్దని, రాత్రి షిఫ్టు ఎన్నాళ్లు వద్దని, మగత తెచ్చే మాత్రలు వాడుతున్నంత కాలం బండి నడపకూడదని, ఏ తేదీకి మళ్లీ చూసి మారుస్తామని. ఇంగ్లీషులో ఒక ప్రతి ఫ్యాక్టరీకి, తమిళంలో ఒకటి ఈఎస్ఐ డిస్పెన్సరీకి ఇచ్చి, మూడోది ఇంట్లో గోడకు తగిలించుకోవచ్చు, "ఇంకా పనిలోకి పోలేదా" అని అడిగే చుట్టాల కోసం.